రాతి మీద నా గుర్తు: మార్క్ డిగ్రీ నుంచి రాయల్ ఆర్చ్ దాకా

చీమకుర్తిలో నా పని దిమ్మెల మీద నంబర్లు వేయించడం. వైర్ సాతో కోసిన బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ దిమ్మెను గుంతలోంచి పైకి తెచ్చి యార్డులో పెట్టాక పొడవు, వెడల్పు, ఎత్తు కొలుస్తాం. తర్వాత మగ్గుతో దాని మీద నీళ్లు పోస్తాం. రాయంతా ఆరిపోతున్నా చీలిక ఉన్న చోట మాత్రం తడి సన్నటి గీతలా నిలబడిపోతుంది. గీత లేకపోతే ఎర్ర పెయింటుతో నంబరు, పక్కన మా క్వారీ గుర్తు వేస్తాం. గీత ఉంటే దిమ్మె పక్కకు పోతుంది. చీలిక తీసేశాక మిగిలింది పెద్దదైతే గ్యాంగ్‌సా అనే పెద్ద కోత మిషన్ సైజుకి, చిన్నదైతే కట్టర్ అనే చిన్న మిషన్ సైజుకి, ఎందుకూ పనికిరాదనుకున్నది డంపుకి. ఇరవై ఏళ్లుగా ఇదే నా లోకం.

ఫ్రీమేసన్రీలో, అంటే రాతి మేస్త్రీల కథలూ గుర్తులతో నడిచే మా సభ్యుల సంఘంలో, మార్క్ డిగ్రీ అనే దీక్ష ఒకటుందనీ, అందులో కథంతా రాయిని కొలిచి, గుర్తు చూసి, ఒప్పుకోవడమో తోసేయడమో చేసే మనుషుల గురించేననీ నెల్లూరు డాక్టరుగారు చెప్పిన రోజు నాకు నిద్ర పట్టలేదు. అప్పటికి నేను మూడో డిగ్రీ తీసుకుని మాస్టర్ మేసన్ అయి పదేళ్లు దాటింది. చెన్నైలో గ్రానైట్ ఎగుమతి ఆఫీసులో పనిచేసేటప్పుడు లాడ్జిలో, అంటే ఆ సంఘపు స్థానిక శాఖలో, చేరాను. ఎంటర్డ్ అప్రెంటిస్, ఫెలో క్రాఫ్ట్, మాస్టర్ మేసన్, మూడు డిగ్రీలూ అక్కడే అయ్యాయి. తర్వాత ఒంగోలు వచ్చేశాను. పెళ్లి, పిల్లలు, క్వారీ పని. వీలున్నప్పుడల్లా మీటింగుకి వెళ్లి రావడం తప్ప ముందుకు పోలేదు.

ముందుకు అనే మాట నేనే తప్పుగా వాడుతున్నానని డాక్టరుగారు సరిదిద్దారు. "మూడో డిగ్రీ మీద ఇంకో అంతస్తు లేదు తమ్ముడూ. ఇవన్నీ పక్కగదులు" అన్నారు. ఇది చాలామందికి తెలియదు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. ముప్పై మూడో డిగ్రీ అనే మాట అందరూ వినే ఉంటారు. అది స్కాటిష్ రైట్ అనే వేరే వరుసలోది. దాని మొదటి సుప్రీం కౌన్సిల్ 1801లో అమెరికాలోని చార్లెస్టన్‌లో ఏర్పడింది. అక్కడ నాలుగు నుంచి ముప్పై మూడు దాకా అంకెలుంటాయి. అంకె పెద్దదని ఆ మనిషి మాస్టర్ మేసన్ మీద అధికారి అయిపోడు. ఇంగ్లండులో విడివిడిగా ఉన్న రెండు గ్రాండ్ లాడ్జీలు, అంటే లాడ్జీల మీది పాలక సంస్థలు, 1813లో కలిసినప్పుడు రాసుకున్న ఒప్పందంలో ప్రాచీన మేసన్రీ అంటే మూడు డిగ్రీలే, అంతకు మించి లేవు, హోలీ రాయల్ ఆర్చ్ కూడా అందులో భాగమే అని తేల్చేశారు. మిగతావన్నీ అనుబంధ సంస్థలు. మార్క్, రాయల్ ఆర్క్ మారినర్, సీక్రెట్ మానిటర్, నైట్స్ టెంప్లర్, రోజ్ క్రోయి, ఇలా చాలా ఉన్నాయి. ప్రతిదానికీ వేరే సభ్యత్వం, వేరే ఏప్రాన్, వేరే చందా.

అన్నిటిలోకీ అందరూ పోలేరు కూడా. నైట్స్ టెంప్లర్‌కి త్రిత్వాన్ని నమ్మే క్రైస్తవుడై ఉండాలి. ఇంగ్లండు పద్ధతిలో రోజ్ క్రోయికి కూడా అంతే. మార్క్‌కీ రాయల్ ఆర్చ్‌కీ ఆ షరతు లేదు, దేవుడి మీద నమ్మకం ఉంటే చాలు. నేను తిరుమల వెంకన్న భక్తుణ్ణి. మా లాడ్జిలో గీత, ఖురాన్, బైబిల్, గురు గ్రంథ్ సాహిబ్, జెండ్ అవెస్తా ఒకే బల్ల మీద పక్కపక్కనే ఉంటాయి. ఎవరి గ్రంథం మీద వాళ్లు చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తారు. నేను ఈ సంఘంలో నిలబడిపోవడానికి అసలు కారణం ఆ బల్లే.

సరే, మార్క్ డిగ్రీకి దరఖాస్తు. ఒక ప్రపోజర్, ఒక సెకండర్, మొదటి మూడు డిగ్రీలు ఇచ్చిన నా క్రాఫ్ట్ లాడ్జిలో చందా బాకీ లేదని కాగితం, మాస్టర్ మేసన్ సర్టిఫికెట్ కాపీ కావాలి. ఇక్కడే దెబ్బ తగిలింది. సర్టిఫికెట్‌లో నా ఇంటిపేరు ఒక్క అక్షరమే పొట్టిగా ఉంది, ఆధార్‌లో పూర్తిగా ఉంది. ఫారాలు చూసే పెద్దమనిషి దాన్ని పక్కన పెట్టేశారు, ఆ సంగతి నాకు చెప్పలేదు. నేనేమో నన్ను చేర్చుకోవడం మీద ఓటింగ్ అయిపోయిందనుకుని సెలవు పెట్టి, టికెట్ కూడా చేయించుకున్నాను. బయలుదేరే ముందు రోజు సాయంత్రం ఫోన్ చేస్తే తెలిసింది. కోపం వచ్చింది, దాచుకోను. ఒక్క ఫోన్ చేసి చెప్పి ఉంటే పోయేది. డాక్టరుగారే మా పాత లాడ్జి సెక్రటరీ చేత ఉత్తరం రాయించి పని చక్కబెట్టారు. మీరెవరైనా దరఖాస్తు పెట్టేముందు పేర్లు సరిచూసుకోండి, పెట్టాక వారానికోసారి ఫోన్ చేసి అడుగుతూ ఉండండి. మొహమాటపడితే నెలలు పోతాయి.

ఇంట్లో ఇంకో టెన్షన్. ఇల్యుమినాటి, రక్త ప్రమాణాలు అంటూ యూట్యూబ్‌లో ఏవో వీడియోలు చూసి మా ఆవిడ భయపడింది. "ఏమండీ, మూడు అయ్యాయి కదా, ఇంకా లోపలికి ఎందుకు?" అంది. దాచే గుర్తులూ మాటలూ ఉన్నాయి, నిజమే. కానీ ఎక్కడ కలుస్తాం, ఎవరెవరు వస్తారు, డబ్బు దేనికి ఖర్చవుతుంది, ఇవేవీ రహస్యం కాదు. ఎగ్మూరు ఎతిరాజ్ సాలైలో ఫ్రీమేసన్స్ హాల్ బోర్డు పెట్టుకుని రోడ్డు మీదే ఉంది. ఒకసారి కుటుంబాలను పిలిచిన విందుకి తీసుకెళ్లాను. డాక్టరుగారి భార్యతో రెండు గంటలు మాట్లాడాక తన భయం తగ్గింది. పూర్తిగా పోయిందని చెప్పను.

మరి ఇది మనకు కొత్తదీ పరాయిదీ కాదు. ఆర్కాట్ నవాబు కొడుకు ఉమ్దత్ ఉల్ ఉమ్రా 1770లలోనే తిరుచిరాపల్లిలో మేసన్ అయ్యాడు. మన నెల్లూరు, ఒంగోలు అప్పుడు ఆ నవాబుల ఏలుబడిలోవే. గ్రాండ్ లాడ్జ్ ఆఫ్ ఇండియా 1961 నవంబర్ 24న ఏర్పడ్డాక మన దేశపు లాడ్జీలు చాలావరకు దాని కిందకి వచ్చాయి. మేస్త్రి అనే మన మాట కూడా పోర్చుగీసు వాళ్లు మాస్టర్ అనే అర్థంలో వాడే మాటే. తాపీమేస్త్రిని పిలిచినప్పుడల్లా మనం మాస్టర్ మేసన్ అనే అంటున్నాం.

మార్క్ డిగ్రీ రోజున పినాకినీలో వెళ్లాను. ఒంగోల్లో పొద్దున ఎక్కితే మధ్యాహ్నానికి చెన్నై. నల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, నల్ల టై. తలుపు బయట టైలర్ అని పిలిచే కాపలా సభ్యుడు కత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. లోపల గుర్తులూ మాటలూ ఏమిటో నేను రాయను, రాయకూడదు. కథ మాత్రం ఎప్పటినుంచో అచ్చులో ఉన్నదే. బైబిల్లోని సొలొమోను రాజు గుడి కడుతున్నారు. పనివాళ్లు తమ రాళ్లు తెచ్చి ముగ్గురు ఓవర్సీర్లకు చూపిస్తారు. ఒకడు తెచ్చిన రాయి చతురస్రంగానూ లేదు, దీర్ఘచతురస్రంగానూ లేదు. దాని మీది గుర్తు కూడా వీళ్లు ఎరిగింది కాదు. దాంతో చెత్తలోకి తోసేస్తారు. తర్వాత కమాను కట్టేటప్పుడు నడిమి రాయి కనబడదు. పని ఆగిపోతుంది. వెతికితే పారేసిందే అది.

ఆ పనివాడి పాత్రలో ఆ రాయి నా చేతుల్లో ఉన్నప్పుడు నా వంతు వచ్చేదాకా ఊపిరి బిగపట్టుకున్నాను. అన్నేళ్లుగా నేను నిలబడింది అటువైపు. పెయింటు డబ్బా పట్టుకుని, ఇది పక్కకి అని చెప్పేవాణ్ణి. రాయి తెచ్చినవాడు అవతల నిలబడి నా మొహం చూసేవాడు. ఆ చూపు ఎలా ఉంటుందో నాకు ఆ సాయంత్రం దాకా తెలియలేదు.

ఈ డిగ్రీ చరిత్ర కూడా దాని కథలాగే నడిచింది, అది నాకు చాలా నచ్చిన సంగతి. ఇంగ్లండులో దీని గురించి దొరికిన పాత రికార్డుల్లో ఒకటి 1769 సెప్టెంబర్ 1 నాటిది. పోర్ట్స్‌మౌత్‌లో థామస్ డంకర్లీ అనే మేసన్ కొందరికి ఈ డిగ్రీ ఇచ్చినట్టు మినిట్స్‌లో రహస్య లిపిలో రాసి ఉంది. 1856లో దీన్ని క్రాఫ్ట్‌లో కలుపుకుందామని గ్రాండ్ లాడ్జి ముందు ఒప్పుకుని, తర్వాతి సమావేశంలో వద్దంది. అదే ఏడాది మార్క్ వాళ్లు సొంత గ్రాండ్ లాడ్జి పెట్టుకున్నారు. స్కాట్లాండ్‌లో మాత్రం రాయల్ ఆర్చ్‌లోకి పోవాలంటే మార్క్ ఉండి తీరాలి. ఇంగ్లండులో ఆ నియమం లేదు.

డిగ్రీ అయ్యాక ప్రతివాడూ తనకో గుర్తు ఎంచుకోవాలి. తిన్నటి గీతలతో వేసుకునేది. లాడ్జి పుస్తకంలో పేరు పక్కన అది ఎక్కుతుంది. పాతకాలం చర్చిలు కట్టిన శిల్పులు చెక్కిన చాలా రాళ్లకు తమ గుర్తు వేసేవాళ్లు. రాళ్ల లెక్కన పనిచేసేవాళ్లకు ఎన్ని రాళ్లు ఎవరివో తేలితేనే కూలి.

మా తాత మార్కాపురం పలకల గనుల్లో పనిచేశాడు. రోజు కూలి కాదు, పలకల లెక్క. కట్ట కట్టేముందు పైనున్న పలక మూల మేకుతో ఒక గుర్తు గీసేవాడట. నిలువుగీత, దానికి కుడివైపు వాలుగా రెండు చిన్న గీతలు. అలాంటి పలక ఒకటి మా అమ్మ పెట్టెలో ఇప్పటికీ ఉంది. చిన్నప్పుడు నేను దాని మీదే అ ఆలు దిద్దాను. మూలనున్న గీతలు ఎంత తుడిచినా పోయేవి కావు. పుస్తకం నా ముందుకు వచ్చినప్పుడు వేరే ఆలోచించలేదు, ఆ మూడు గీతలే వేశాను. సెక్రటరీ చూసి "ఇదేమిటి బ్రదర్?" అన్నారు. మా తాతది అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆగి, పక్కన తారీఖు వేసి సంతకం పెట్టారు. అమ్మకు ఫోన్ చేసి చెప్తే చాలాసేపు మాట్లాడలేదు. "పలక జాగ్రత్తగానే పెట్టాలే నాయనా" అంది చివరికి.

రాయల్ ఆర్చ్ ఏడు నెలల తర్వాత. అక్కడ లాడ్జి అనరు, చాప్టర్ అంటారు. బ్రదర్ అనరు, కంపానియన్ అంటారు. ఏప్రాన్ అంచు ఎరుపు, ముదురు నీలం త్రికోణాలతో ఉంటుంది. ముందు కూర్చునే ముగ్గురు పెద్దల పేర్లు జెరుబ్బాబెలు, హగ్గయి, యెహోషువ. బబులోను చెర నుంచి తిరిగొచ్చిన యూదులు కూలిపోయిన ఆ సొలొమోను గుడిని మళ్లీ కట్టడం మొదలుపెడతారు. శిథిలాలు ఎత్తే చిన్నపని అడిగి తీసుకున్న ముగ్గురికి నేల కింద ఒక కమాను గది బయటపడుతుంది. ఒకణ్ణి తాడు కట్టి లోపలికి దించుతారు. అక్కడ ఏం దొరికిందో చెప్పను, అది మీరు వెళ్లి చూడాల్సిందే. మార్క్ అంత గట్టిగా ఇది నన్ను పట్టలేదు. ఇంగ్లీషు పాఠం పొడవు, సగం అర్థమయ్యేసరికి మిగతా సగం దాటిపోయేది. రెండోసారి వేరేవాళ్లకు జరుగుతుంటే పక్కన కూర్చుని చూశాను. అప్పుడు తెలిసింది దాని బరువు. చేరినవాళ్లందరికీ నేను చెప్పేదొకటే, మీ రోజున అర్థం కాలేదని వదిలేయకండి, మళ్లీ వెళ్లి కూర్చోండి. ఖర్చు కూడా ముందే లెక్క చూసుకోండి. చేరే ఫీజుతో పోదు, ఏటా చందా, ఏప్రాన్లు, ప్రయాణాలు. నేను ఇక కొత్త డిగ్రీలు పెట్టుకోలేదు. ఆర్క్ మారినర్‌కి రమ్మని డాక్టరుగారు అంటే, పిల్ల ఇంటర్ అయ్యాక చూద్దామన్నాను.

మార్క్ లాడ్జిలో మాత్రం ఈ ఏడు నాకు పని ఇచ్చారు. జూనియర్ ఓవర్సీర్. కొత్తవాళ్ల రాయి చూసి, అందులో తప్పు పట్టే ముగ్గురిలో నేనొకణ్ణి. మాటలన్నీ ఇంగ్లీషులో, చూడకుండా చెప్పాలి. ఒంగోలు నుంచి చీమకుర్తి వచ్చే దారిలో జీపులో వల్లిస్తుంటే డ్రైవరు అడిగాడు, ఏం చదువుతున్నారు సార్ అని. పారేసిన రాయి కథ చెప్పాను. వాళ్లది మూడు తరాల బాప్టిస్టు కుటుంబం. 1878లో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని చెప్పుకునే ప్రాంతం మాది. "ఇది బైబిల్ కీర్తనల్లోని రాయే కదా సార్. కట్టేవాళ్లు వద్దన్నదే మూలకు తలరాయి అయ్యింది. మా పాస్టరుగారు ఎన్నిసార్లు చెప్పారో" అన్నాడు.

ఆ రోజు యార్డులో ముందురోజు నేను పక్కన పెట్టించిన దిమ్మె ఒకటుంది. ఎడమ మూల తడి గీత కనబడిందని నేనే గుర్తు వేయించాను. మళ్లీ నీళ్లు పోయించాను. ఎండలో పక్కన నిలబడి పూర్తిగా ఆరేదాకా చూశాను. గీత మూల నుంచి జానెడు దాకా వచ్చి ఆగిపోయింది. ఆ జానెడు కోసేస్తే మిగిలింది కట్టర్ సైజుకి నికరంగా వస్తుంది. డంపు గుర్తు చెరిపించి కొత్త కొలతలు రాయించాను.

వచ్చే నెల మీటింగు. నా మాటలు మొత్తం వచ్చేశాయి, ఒక్క మూడో వాక్యం దగ్గర ఇంకా నాలుక తిరగడం లేదు.