చెన్నైలో ఆపరేషన్, నెల్లూరులో మకాం

మా బావగారిది కొండపి దగ్గర ఒక పల్లె. వర్జీనియా పొగాకు పండించి టంగుటూరు వేలం కేంద్రంలో అమ్ముకునే రైతు. పండించిన ఆకు ఏ దేశాలకు పోయినా, ఆయన నోట్లో మాత్రం చిన్నప్పటి నుంచీ చుట్టే ఉండేది. మెడ కుడిపక్క ఉసిరికాయంత గడ్డ తేలి, నొప్పి లేదు కదా అని కొంతకాలం ఊరుకున్నాక, ఒంగోలులో గొంతు డాక్టరుకు చూపిస్తే, ఆయన కుడి టాన్సిల్ నుంచి ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సరని తేలింది. కణితి ఇంకా చిన్నదిగానే ఉందనీ, ఏడు వారాల రేడియేషన్‌తో నయం చేయవచ్చనీ, లేదా నోటి గుండానే రోబో సాయంతో తీసేయవచ్చనీ చెప్పి, చెన్నైలోని ఒక పెద్ద ఆసుపత్రికి ఉత్తరం రాసిచ్చారు.

ఒంగోలులో చెన్నై వెళ్లే పినాకిని రైలు ఎక్కాము. కావలి దాటేవరకు కిటికీలోంచి చూస్తూ కూర్చున్న బావగారు ఉన్నట్టుండి, "ఏంది అబ్బయా, మిషన్ దానంతటదే కోసుద్దంటనా?" అని అడిగారు. నాకూ అంతకుమించి తెలియదు కనుక, డాక్టరుగారినే అడుగుదామన్నాను.

చెన్నైలో సర్జన్ స్కాన్లు తరువాత చూస్తానని, మొదట బావగారిని నోరు బాగా తెరవమని, మూడు వేళ్లు నిలువుగా పట్టించి చూశారు. నోరు అంత తెరుచుకోకపోతే కెమెరా, పనిముట్లు లోపలికి దూరవని, గుట్కా, వక్క నమిలి దవడలు బిగుసుకుపోయినవారిలో ఎందరికో ఈ పద్ధతి అక్కడే ఆగిపోతుందని చెప్పారు. చుట్ట కాల్చినా వక్క నమిలే అలవాటు లేకపోవడం బావగారికి ఈ ఒక్క విషయంలో కలిసి వచ్చింది.

మిషన్ సంగతి అక్కయ్యే అడిగింది. యంత్రం సొంతంగా ఏదీ కోయదనీ, సర్జన్ అదే గదిలో కొన్ని అడుగుల దూరంలో కూర్చుని, గొంతు లోపలి భాగాన్ని పెద్దదిగా, లోతు తెలిసేలా చూస్తూ చేతులు కదిపితే, సన్నని పనిముట్లు ఆ కదలికనే నోటి లోపల చేస్తాయనీ, రోగి తల దగ్గర ఇంకొక డాక్టరు కూర్చుని, కోసేటప్పుడు వచ్చే రక్తాన్నీ పొగనూ గొట్టంతో లాగేస్తుంటారనీ సర్జన్ వివరించారు. పూర్వం నాలుక మొదలు దగ్గరి కణితిని అందుకోవడానికి కింది పెదవినీ దవడ ఎముకనూ చీల్చవలసి వచ్చేదట. అమెరికాలో మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ అనే సంస్థ 2009లో ఈ నోటి గుండా చేసే పద్ధతికి అనుమతి ఇచ్చింది, అదీ తొలి దశల్లో ఉన్న కణితులకే.

అయితే ఆ గదిలో మేము విన్నవాటిలో అన్నిటికంటే ముఖ్యమైనది రోబో గురించి కాదు. టాన్సిల్ ఉన్నచోట పుండు కుట్లు లేకుండా తనంతట తాను మానాలి. దానిపై ఏర్పడే తెల్లటి పొర రాలే సమయంలో, అంటే మొదటి రెండు వారాల్లో, రక్తం కారే ప్రమాదం ఉంది. ఆ రక్తం ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. క్యాన్సర్ పాకే అవకాశమున్న మెడలోని గ్రంథులను కూడా తీస్తారు; అప్పుడే గొంతుకు వెళ్లే రక్తనాళాలు కొన్నిటిని కట్టేస్తారు కాబట్టి ముప్పు తగ్గుతుంది గాని పూర్తిగా పోదు. "డిశ్చార్జి చేశాక కూడా మీరు ఊరికి పోకూడదు" అని సర్జన్ కచ్చితంగా చెప్పారు. కొండపి నుంచి చెన్నై దాదాపు మూడువందల కిలోమీటర్లు. దూరం నుంచి వచ్చేవారు ఆపరేషన్ ఖర్చు ఎంతని అడుగుతారే గాని, ఆ తరువాతి రెండు వారాలు ఎక్కడ ఉండాలో ఆలోచించరు. నా దృష్టిలో ముందుగా లెక్క వేసుకోవలసింది అదే.

ఆపరేషన్ సజావుగా జరిగింది. ఆసుపత్రికి దగ్గర వీధిలో గ్యాస్ పొయ్యి ఉన్న గది అద్దెకు దొరికింది. ముక్కు గొట్టం ద్వారానే ఆహారం. అక్కయ్య రాగిజావను పలుచగా కాచి, పలుకు మిగిలితే గొట్టం మూసుకుపోతుందని పలుచని గుడ్డలో రెండుసార్లు వడగట్టి, బావగారిని నిటారుగా కూర్చోబెట్టి సిరంజితో మెల్లగా పోసేది. చివర మంచినీళ్లతో గొట్టం కడిగేది. మింగడం నేర్పడానికి వచ్చినామె మొదట నీళ్లు తాగించలేదు. పలుచనివి దారితప్పి శ్వాసనాళంలోకి జారుతాయట. అందుకని ఆయన గొంతు దాటిన మొదటి ముద్ద చిక్కటి పెరుగు.

రెండో వారంలో ఒక రాత్రి ఉమ్ములో ఎర్రటి చార కనిపించింది. కాస్త రక్తమే కదా అని ఆగవద్దని ముందే చెప్పి ఉన్నారు కనుక, వెంటనే ఆటో ఎక్కి పది నిమిషాల్లో అత్యవసర విభాగానికి చేరాము. తెల్లవార్లూ గమనించి, ఏమీ చేయనవసరం లేదని పంపారు. ఊళ్లో ఉండి ఉంటే ఆ వేళకు అంబులెన్స్ కోసం ఎదురుచూస్తూ ఉండేవాళ్లం.

రిపోర్టు వచ్చింది. కణితి అంచులు శుభ్రంగా ఉన్నాయి, రెండు గ్రంథుల్లో మాత్రం క్యాన్సర్ కణాలు కనిపించాయి. కణాలు గ్రంథి పొర దాటలేదు గనుక కీమో అక్కరలేదని, రేడియేషన్ మాత్రం ఆపరేషన్ అయిన ఆరు వారాల్లోపు మొదలుపెట్టాలని అన్నారు. బావగారి ముఖం వాడిపోయింది. రేడియేషన్ తప్పించుకుందామని ఆపరేషన్‌కు వచ్చి రెండూ చేయించుకోవలసి వచ్చిందని ఆయన బాధ. అయితే దానికి చెన్నైలోనే ఉండనక్కరలేదు. వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు వారాలు నెల్లూరు రెడ్‌క్రాస్ క్యాన్సర్ ఆసుపత్రిలో ఇప్పించుకోవచ్చని, మా పిన్నిగారి ఇల్లు దర్గామిట్టలోనే ఉందని నేను అనగానే అక్కయ్య ఊపిరి పీల్చుకుంది. తిరుగు ప్రయాణంలో నెల్లూరులో దిగి కాగితాలు చూపించాము. రేడియేషన్ తరువాత దవడ ఎముక తొందరగా మానదు కాబట్టి, కదులుతున్న రెండు దంతాలను ముందే తీయించుకుని, ఆ గాయం మానడానికి కనీసం రెండు వారాలు ఇచ్చి, అప్పుడు రేడియేషన్ ఇచ్చేటప్పుడు తల కదలకుండా ముఖానికి బిగించే మాస్కు కొలత తీయించుకోవడానికి రమ్మన్నారు.