ట్రాలీ హుక్కు మళ్ల మళ్ల ఎందుకు ఇరుగుతది

సీజన్ షురూ అయిందంటే మా వెల్డింగ్ షాపు ముంగట పొద్దుగాలనే రెండు మూడు ట్రాలీలు నిలబడి ఉంటయ్. అందరిదీ ఒకటే మాట, "మామా జల్ది రెండు రాడ్లు కొట్టియ్యే, మార్కెట్‌కు పోవాలె" అని. గా రెండు రాడ్ల ముచ్చటనే ఇయ్యాల రాస్తున్న, ఎందుకంటే ముప్పై ఏండ్ల సంది నేను చూసిన ఇరుగుళ్లల్ల ఎక్కువ గవే.

ట్రాక్టర్‌కు తగిలిచ్చే హుక్కు కాడ పగులు వస్తే దాని మీదికెల్లి వెల్డింగ్ రాడ్ గీకి మూసేస్తరు. పెయింట్ ఏస్తే అసలే తెల్వది. కానీ లోపట పగులు అట్లనే ఉంటది, లోడు గుంజినప్పుడల్ల దాని మొన మీదనే బలమంత పడి ఇంకింత పాకుతది. షాపు పెట్టిన కొత్తల నేను గూడ గట్లనే చేసిచ్చిన. తెల్లారి మిర్చి బస్తాలేసుకొని వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు పోతుంటే ఎత్తు కాడ హుక్కు ఊడి ట్రాలీ ఎనుకకు దొర్లి పొలంల పడ్డది. ఎవలకు ఏం గాలే. ఆ రైతు కోపం గూడ చెయ్యలే, "నిన్ననే గదనే చేసిచ్చినవ్" అన్నడు అంతే, గా మాట ఇప్పటికీ యాదికస్తది.

అప్పటిసంది ముందు గ్రైండరే పడతా. గ్రీజు, పెయింట్, తుప్పు అంత పోయి ఇనుము తెల్లగ మెరవాలె. తర్వాత పగులు రెండు కొసలకు చిన్న బెజ్జాలు కొడితే అది ముంగటికి పాకది. ఇగ పగులు పొంటి వీ లెక్క కోసుకుంట పోవాలె, లోపట ఎంటిక లెక్క నల్లగీత కనబడుతుంటది, అది మాయమయ్యేదాక ఆపొద్దు. గీడనే చాన మంది ఓపిక పట్టరు. మొదటి రన్ను, అంటే ఒకపాలి రాడ్ నడిపిచ్చిన వరుస, 2.5 ఎమ్ఎమ్ రాడ్‌తోని అడుగుదాక దింపాలె, పైన 3.15తోని నింపాలె, ఒక్కో రన్నుకు మీద పేరుకునే పెంకు (స్లాగ్) మొత్తం కొట్టి బ్రష్ పెట్టినంకనే రెండోది. మీద పట్టీ ఏసేటట్టుంటే దాని మూలలు గుండ్రంగ కొయ్యాలె, చదరం మూల కాడికెల్లే కొత్త పగులు మొదలైతది.

రాడ్ గురించి జెర ఇనుండ్రి. గేట్లకు, కిటికీలకు 6013 నంబర్ రాడ్ మంచిగ సరిపోతది, హుక్కు జర్కులు తినే జాగ కాబట్టి నేను 7018 నంబర్ రాడ్ వాడుత. డీసీ మిషిన్ మీద రాడ్ పట్టుకునే హోల్డర్‌ను ప్లస్‌కు పెట్టి షార్ట్ ఆర్క్‌తోని, అంటే రాడ్ మొనను ఇనుముకు దగ్గర ఉంచి, నడిపియ్యాలె. వానకాలంల డబ్బా తెరిచి పెడితే 7018 చెమ్మ గుంజుకుంటది, ఆ చెమ్మల హైడ్రోజన్ ఇనుములకు పోయి అతుకు చల్లారినంక, ఒక్కోపాలి తెల్లారినంక, పక్కపొంటి పగులుతది. ఎండల పెడితే సరిపోదు, 300 నుంచి 350 డిగ్రీల ఓవెన్ల గంట రెండు గంటలు ఉంచాలె. 6013ను మాత్రం అంత వేడిల పెట్టకుండ్రి, కరాబైతది.

మిషిన్ ఎర్త్ వైరు క్లాంపు హుక్కుకే పట్టాలె. యాడనో ఆక్సిల్‌కు పడితే కరెంట్ బేరింగుల్లకెల్లి పోయి గోలీల మీద మచ్చలు పడతయ్, నెల రోజులకు చక్రం మోత పెడితే ఎందుకో సమజ్ గాదు. ట్రాక్టర్ తగిలిచ్చే ఉంటే ఇడిపియ్యాలె, లేదంటే బ్యాటరీ టర్మినల్ అన్న తియ్యాలె.

పని నేర్సుకునే పోరగాండ్లకు ఒక మాట, టాకాలే (చిన్న చుక్కల అతుకులే) గదా అని నల్లద్దం లేకుండ ఒక కన్ను మూసి కొట్టకుండ్రి బిడ్డా. అప్పుడేం గాదు, రాత్రి పండుకున్నంక కండ్లల్ల ఇసుక పోసినట్టు మండి నీళ్లు కారుతయ్.

ఇగ అన్నిటికంటె నాకు కోపమచ్చేది ఎర్రగున్న అతుకు మీద నీళ్లు కుమ్మరిచ్చుడు. మందం ఇనుము గట్ల ఒక్కపాలి చల్లారితే గట్టిపడి పెళుసైతది, గంట సేపు చేసిన పని అంత పోతది. అందుకే ఎంత తొందరున్నా కూసోబెడతా, చాయ్ తెప్పిస్తా, అతుకు మీద చెయ్యి పెడితే చెయ్యి ఆగినంకనే హుక్కు తగిలిచ్చుకొమ్మంట.