ల్యాబ్ టేబుల్ మీద రెండు మీటర్ల రెక్క

మన 2012 బ్యాచ్ వాళ్లు ఎక్కడ కలిసినా మేం కాలేజీలో కట్టిన రిమోట్ గ్లైడర్ (గాలి మీద జారుతూ పోయే చిన్న విమానం) సంగతి రాక మానదు, వచ్చిందంటే అందరూ టెక్ ఫెస్ట్ రోజు గ్రౌండ్‌లో అది ఎగరడం గురించే చెప్తారు, ఆ పూట సినిమాకు పోయినవాడు కూడా పక్కనే నిలబడి చూసినట్టు చెప్తాడు. నన్నడిగితే అసలు కథంతా అంతకు ముందు ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో ఫ్యాన్ ఆపేసిన గదిలో జరిగింది. ఫ్యాన్ ఎందుకు ఆపామంటే, విమానం మొత్తం కలిపి కిలో లోపే, రెక్క మాత్రం ఈ కొస నుంచి ఆ కొసకు రెండు మీటర్లు, ఫ్యాన్ తిరిగితే టేబుల్ మీద కుదురుగా ఉండేది కాదు. అనంతపురంలో మార్చి నెలలో ఫ్యాన్ ఆపి కూర్చోవడమంటే ఏంటో మీకు వేరే చెప్పాలా.

సరుకు ఎట్లా వచ్చిందో టూకీగా చెప్పేస్తా. హాస్టల్లో చందాలేసుకున్నాం. ఫోమ్ కిట్ ఒకచోట, మోటర్, దాని స్పీడును నడిపే ఈఎస్‌సీ, తోక, రెక్కల పలకలను కదిలించే సర్వోలు, బ్యాటరీ, రిమోట్ ఇంకోచోట, అన్నీ బెంగళూరులోనే కొన్నాం. బాగేపల్లి దాటి ఇవతలికి వచ్చేదాకా మా రూమ్ బక్కోడు ఆ పొడుగు అట్టపెట్టెను ఒళ్లోంచి దించలేదు, కండక్టర్ లగేజీ టికెట్ అడిగితే ఇచ్చాడు కానీ పెట్టె మాత్రం పైన పెట్టనివ్వలేదు.

పెట్టె విప్పగానే అందరికీ ఒకటే ఆత్రం, రెక్కలు తగిలించి మోటర్ తిప్పి చూడాలని. అక్కడ అడ్డుపడింది ల్యాబ్ అన్న. జూనియర్లకు ఆయన తెలియకపోవచ్చు, ఆయన రిటైరయ్యాక చేరినవాళ్లే ఎక్కువ. ల్యాబ్ టెక్నీషియన్, అంతకు ముందు పాతవూళ్లో రేడియోలు, టేప్‌రికార్డర్లు రిపేరు చేసిన చెయ్యి. విమానాల గురించి నాకేం తెలుసప్పా అనేవాడు, కానీ మాతో పాటు మాన్యువల్ అంతా కూర్చుని చదివించుకున్నాడు, ప్రతి లైనుకూ "ఎందుకు?" అని అడిగాడు. మాకు సగం వాటికి జవాబు తెలియదు. వెతికి తెలుసుకుని చెప్పాల్సి వచ్చేది. ఇప్పుడు ఆలోచిస్తే నాలుగేళ్ల కోర్సులో మమ్మల్ని అంత ఓపిగ్గా అడిగినవాళ్లు తక్కువే.

మొదటి పేచీ బ్యాటరీ దగ్గరే వచ్చింది. బ్యాటరీకి పసుపుపచ్చ ఎక్స్‌టీ60 కనెక్టర్ ఉంది, ఈఎస్‌సీకి ఎర్రటి టీ కనెక్టర్. రెండూ కలవవు. ఈఈఈ వాడొకడు కటింగ్ ప్లేయర్ తీసుకుని బ్యాటరీ వైర్ల మీదికి పోతుంటే అన్న వాడి చెయ్యి పట్టుకుని ఆపాడు. "కరెంటు యా పక్క ఉందప్పా? బ్యాటరీ పక్క. మరి కరెంటు లేని పక్క మార్చుకోకుండా దాని జోలికి ఎందుకు పోతావ్?" అంతే, ఈఎస్‌సీ వైపు కనెక్టర్ తీసి ఎక్స్‌టీ60 టంకం వేశాం. అది మూడు సెల్స్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ, 2200 ఎంఏహెచ్, మీద 25సి అని రాసుంది. అంటే రాసిన లెక్క ప్రకారమే 2.2కు ఇరవై ఐదింతలు, 55 ఆంపియర్లు ఇవ్వగలదు, షార్ట్ అయితే ఇంకా ఎక్కువ. ప్లస్, మైనస్ వైర్లు రెండూ ఒకేసారి కత్తిరించి ఉంటే ఆ ప్లేయర్ మూతి కరిగి ఉండేది, వాడి చెయ్యి సంగతి దేవుడెరుగు.

టంకం వేసేటప్పుడు అన్న చెయ్యి చూడాలి. వైరు పోగులకు ముందే కాస్త సీసం పట్టించి, కనెక్టర్ గిన్నెలో కొంచెం సీసం కరిగించి, వైరును అందులో ముంచి, ఐరన్ తీసేసి, ఊపిరి బిగబట్టి కదలకుండా పట్టుకునేవాడు. సీసం మెరుపు తగ్గి గట్టిపడేదాకా పలకరించినా పలికేవాడు కాదు. అంతకు ముందే వైరు మీదికి ఎక్కించి పెట్టుకున్న హీట్‌ష్రింక్ గొట్టాన్ని కిందికి లాగి లైటర్ చూపిస్తే అది ముడుచుకుని పట్టేసేది. ఆ గొట్టం ఎక్కించడం మర్చిపోయి టంకం వేశామంటే మళ్లీ మొదటికి రావాల్సిందే.

ఫోమ్ ఈపీఓ రకం. మామూలు థర్మోకోల్ మీద ఫెవిక్విక్ చుక్క పడితే కరిగి గుంత పడుతుంది, ఈపీఓ మీద మాత్రం పట్టుకుంటుంది. ఒక మూల చుక్క వేసి చూసుకున్నాకే తోక అతికించాం. తోక వంకర లేకుండా ఉండాలంటే కంటి చూపు చాలదు, తోక కొస నుంచి అదే పక్క రెక్క కొస దాకా నూలు దారం పట్టి కొలవాలి, అటూ ఇటూ సమానంగా రావాలి. తర్వాత వెనక నుంచి చూస్తే తోక, రెక్క ఒకదానికొకటి సమాంతరంగా కనపడాలి. రెక్కల సగాలు రెండింటినీ కలిపేది లోపలికి దూర్చే కార్బన్ గొట్టం, దానికి జిగురు పెట్టకూడదు, పెడితే రెండు మీటర్ల రెక్కను హాస్టల్ మెట్ల మీదుగా ఎట్లా తెస్తారు?

సర్వోల దగ్గర అందరూ తొందరపడతారు. సర్వోకు ముందు కరెంటిచ్చి, రిమోట్‌లో ట్రిమ్‌లన్నీ (పలక నడిమధ్య స్థానాన్ని కాస్త అటూ ఇటూ జరిపే సర్దుబాట్లు) సున్నాలో పెట్టి, అది నడిమధ్యకు వచ్చి ఆగాకే దాని చెయ్యి బిగించాలి, పుష్‌రాడ్‌కు, అంటే సర్వో నుంచి పలకకు పోయే కడ్డీకి, తొంభై డిగ్రీల్లో. ఇరుసుకు పళ్లుంటాయి కాబట్టి సరిగ్గా తొంభై కుదరదు, దగ్గరగా పెట్టి మిగతాది పుష్‌రాడ్ కొసనున్న క్లెవిస్ తిప్పి సరిచేసుకోవాలి. రిమోట్‌లో ట్రిమ్ మీటలు నొక్కి సరిచేస్తే చూడ్డానికి బాగానే ఉంటుంది, గాల్లోకి పోయాక ట్రిమ్‌కు చోటుండదు. ఫోమ్‌లో కోసిన కొత్త కీళ్లు బిగుసుగా ఉంటాయి, వాటిని చేత్తో పైకీ కిందికీ వంచి వదులు చేయకపోతే సర్వో మీద భారం పడుతుంది. ఆ పని ఫస్టియర్ పిల్లలకు అప్పగించాం, సీనియర్లమన్న హోదాతో.

మోటర్ రోజు వచ్చింది. అన్న షరతు ఒకటే, ప్రొపెల్లర్ పీకి బీరువాలో పెట్టి తాళం వేస్తేనే బ్యాటరీ తగిలించేది. రిమోట్‌లో మోటర్ స్పీడు పెంచే త్రాటిల్ స్టిక్ పూర్తిగా పైకి నెట్టి బ్యాటరీ కలిపితే ఈఎస్‌సీ రెండుసార్లు కూస్తుంది, వెంటనే స్టిక్ కిందికి దించితే మూడు సెల్స్‌కు మూడు కూతలు, చివర ఒక పొడుగు కూత. దించడం ఆలస్యం చేస్తే ఇంకో రకం కూతలతో సెట్టింగుల్లోకి పోతుంది, అప్పుడు ఏ కూతకు ఏ సెట్టింగో కాగితం చూసుకుంటూ కాచుకోవాలి. మాకు కావాల్సింది అక్కడే ఉంది, బ్రేక్. గ్లైడర్‌కు ఉండేది మడత ప్రొపెల్లర్, మోటర్ ఆగగానే దాని రెండు ఆకులూ మిడత రెక్కల్లాగా ముక్కుకు ఆనుకుని వెనక్కి ముడుచుకోవాలి. బ్రేక్ ఆన్ చేయకపోతే గాలికి అది తిరుగుతూనే ఉంటుంది, ముడుచుకోదు, అంత పొడుగు రెక్కతో సంపాదించిన జారుడంతా ముందుకు పోనివ్వని ఆ చక్రానికే ఖర్చయిపోతుంది. మోటర్ ఎదురు దిక్కుకు తిరిగితే మూడు వైర్లలో ఏ రెండైనా అటుదిటు మార్చితే చాలు. మా మోటర్ ఎదురే తిరిగింది, మార్చాం, అన్న బీరువా తాళం తీశాడు.

ఇక సీజీ, అంటే బరువు తూకం. మాన్యువల్ చెప్పిన చోట, దాదాపు రెక్క వెడల్పులో ముందు నుంచి మూడో వంతు దగ్గర, రెక్క అడుగున రెండు పక్కలా స్కెచ్ పెన్నుతో గీత గీశాం. ఆ గీతల కింద రెండు వేళ్లు పెట్టి లేపితే ముక్కు కాస్త కిందికి ఒరిగి నిలవాలి. ముక్కు బరువైన విమానం మొండిగా ఎగురుతుంది, తోక బరువైనది ఒక్కసారే ఎగురుతుందని ఆ లోకంలో వాడుక మాట. సీసం ముక్కలు అంటించకుండా బ్యాటరీని ముందుకూ వెనక్కూ జరిపి సరిచేశాం, కుదిరిన చోట వెల్‌క్రో వేసి లోపల గీత గీశాం. అడ్డంగా కూడా తూచాలని చాలామందికి తెలియదు. ముక్కు, తోక కొసలు పట్టుకుని వేలాడదీస్తే మాదాంట్లో కుడి రెక్క దిగేది, ఎడమ రెక్క కొసకు రూపాయి బిళ్ల టేపుతో అంటిస్తే సరిపోయింది. ఆ రూపాయి ఎవరి జేబులోదో ఇప్పటికీ వాట్సాప్ గ్రూపులో తగాదా నడుస్తూనే ఉంది.

గ్రౌండ్‌కు పోయే ముందు చూసుకోవాల్సినవి అన్న ఒక అట్టముక్క మీద రాసి పెట్టెకు అంటించాడు. విమానం వెనక నిలబడి చూడు, స్టిక్ కుడికి తోస్తే రడ్డర్ (నిలువు తోక పలక) కుడికి పోవాలి, కుడి ఐలరాన్ (రెక్క వెనక అంచు పలక) పైకి లేవాలి, స్టిక్ నీ వైపు లాగితే ఎలివేటర్ (అడ్డ తోక పలక) పైకి లేవాలి. రిమోట్‌ను తక్కువ పవర్‌లో పెట్టి ముప్పై అడుగులు నడిచి పోయి అక్కణ్ణించి కూడా పలుకుతుందా చూడు. రిమోట్ ఆపేస్తే మోటర్ ఆగిపోతుందా చూడు (ఈ పని మాత్రం ఒకరు విమానాన్ని గట్టిగా పట్టుకున్నాకే). బ్యాటరీ సెల్ ఒక్కోటి 4.2 వోల్టులుందా చూడు. చార్జింగ్ 2.2 ఆంపియర్లకు మించొద్దు, పక్కన మనిషి లేకుండా అసలొద్దు. చివర పెద్దక్షరాలతో "బ్యాటరీని బండి డిక్కీలో పెట్టొద్దు" అని ఉండేది, మన ఊరి ఎండలో ఆ డిక్కీ ఎంత కాలుతుందో ఆయనకు తెలుసు.

మోటర్ లేకుండా చేత్తో విసిరి చూడటం ఊరవతల చెనిక్కాయ చేలల్లో చేశాం, పంట తీసేసి ఖాళీగా ఉన్నాయి. పొద్దున్నే, గాలి ఇంకా లేవకముందు, ఎదురుగాలికి, నేలకు సమాంతరంగా విసరాలి, ఆకాశం వైపు కాదు. అది జారుతూ పోయి ఎర్రమట్టి మీద బొర్లకుండా దిగింది. పది దాటేసరికి ఆ చేలల్లో నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది, గద్దలు రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరిగేది అక్కడే. ఆషాఢంలో మాత్రం మన దగ్గర ఫోమ్ గ్లైడర్ బయటికి తీయొద్దు. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా.

ఫెస్ట్ రోజు గురించి అందరికీ తెలిసిందే కాబట్టి ఒక్కటే చెప్తా. బక్కోడు విసిరాడు, మోటర్ మీద పైకి పోయింది, బాగా ఎత్తుకు పోయాక మోటర్ ఆపేశాం. చప్పుడు ఆగగానే జనంలోంచి "పోయింది రా! మోటర్ పోయింది!" అని ఒకటే గోల, మన ప్రిన్సిపాల్ గారు కుర్చీలోంచి లేచి అంబులెన్స్ ఉందా అన్నారు. అది పోతూనే ఉంది. దిగదే! అప్పుడు అర్థమైంది జనానికి, ఆపడమే ఇందులో పని అని. తర్వాత తెలిసింది, ఎఫ్5జే అనే అంతర్జాతీయ పోటీల్లో మోటర్ 30 సెకన్లకు మించి వాడనివ్వరట, పైగా ఎంత ఎత్తులో ఆపితే అన్ని మార్కులు కోత, 200 మీటర్ల దాకా మీటరుకు అర మార్కు, దాటితే మీటరుకు మూడు. కరెంటు మోటర్‌కూ గ్లైడర్‌కూ చుట్టరికం కొత్తదేం కాదు, మనిషెక్కిన కరెంటు మోటర్ రెక్కల విమానం మొదటిసారి ఎగిరింది 1973 అక్టోబరు 21న ఆస్ట్రియాలో, అదీ మోటర్ గ్లైడర్‌ను మార్చి చేసిన ఎంబీ-ఈ1 అనే విమానంలోనే.

ఈసారి ఫెస్ట్‌లో మళ్లీ ఎగరేద్దామని జూనియర్లు అడుగుతున్నారట. మంచిదే. మాకప్పుడు అడిగేవాళ్లు లేరు కానీ ఇప్పుడు 2021 డ్రోన్ రూల్స్ ఉన్నాయి, డ్రోన్లు ఎక్కడ ఎగరొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో మన గ్రౌండ్ ఏ రంగులో ఉందో చూసుకోండి, గ్రీన్ జోన్ అయినా 400 అడుగులు దాటొద్దు. విమానం బాడీ ల్యాబ్ బీరువా పైన గోనెసంచిలో ఉండాలి, ఎలుకలు కొట్టకుండా ఉంటే. రెక్కల కార్బన్ గొట్టం మా ఇంట్లో ఉంది, సమ్మేళనానికి వచ్చేటప్పుడు తెస్తా. సర్వోలు తిరుగుతాయేమో చూడండి. బ్యాటరీ మాత్రం కొత్తది కొనండి, పాతది ఉబ్బిపోయి ఉంటుంది, దాన్ని చార్జింగ్‌కు పెట్టే సాహసం ఎవరూ చేయొద్దు.