ఆవకాయ జాడీ కింద జాజ్

రాత్రి ఎనిమిదిన్నరకి మా ఆయన అమ్మాయితో ఫోన్లో ఒక అబద్ధం ఆడారు. చిన్నదే. ఆడినాయన ఏసీ గదిలో హాయిగా గురక పెడుతున్నారు. పక్కనుంచి విన్న నేను పదకొండున్నరకి వంటింట్లో కూర్చుని ఇది టైపు చేస్తున్నాను.

"బ్రహ్మాండంగా ఉందమ్మా. ఇప్పుడే రెండో పక్క కూడా విన్నాను. గ్లాసుల చప్పుడుతో సహా వినిపిస్తోంది."

ఆ మాట అనేటప్పటికి ఆ రికార్డు మా వంటింటి గ్రానైట్ గట్టు మీద పడుకుని ఉంది. దాని మీద టీపాయ్ అద్దం. అద్దం మీద నా ఆవకాయ జాడీ.

జరిగిందేమిటంటే, అమ్మాయి బెంగుళూరు నుంచి వాళ్ళ నాన్న పుట్టినరోజుకి ప్లేటు పంపింది. బిల్ ఎవాన్స్ అనే అమెరికా జాజ్ పియానో ఆయన 'వాల్ట్జ్ ఫర్ డెబీ'. 1961 జూన్ 25న న్యూయార్కులో విలేజ్ వాన్‌గార్డ్ అనే క్లబ్బులో, జనం తాగుతూ మాట్లాడుకుంటూ ఉండగా పట్టిన రికార్డు. అందుకే గ్లాసుల చప్పుడు, పక్కబల్లల వాళ్ళ గుసగుసలు వినిపిస్తాయి. అందులో బేస్ వాయించిన స్కాట్ లఫారో పదకొండు రోజుల తర్వాత కారు ప్రమాదంలో పోయాడు, పాతికేళ్ళకే. ఇదంతా నాకెలా తెలుసని అడక్కండి. ముప్ఫై ఏళ్ళ కాపురం.

పార్సిల్ వచ్చేసరికి మేం భోంచేసి నడుం వాల్చాం. డెలివరీ కుర్రాడు బెల్లు కొట్టాడో లేదో తెలీదు. వాచ్‌మన్ తీసుకుని "ఎవరి కాళ్ళకీ అడ్డం రాకుండా" మోటారు గది రేకు మీద పెట్టాడు. మే నెల, బెజవాడ, మిట్టమధ్యాహ్నం, రేకు. అప్పడం పెట్టినా వేగేది. ఈ ప్లేట్లు చేసే వినైల్ అంటే దేవలోకం నుంచి దిగిన పదార్థమేం కాదు, మన బాత్రూం పైపుల జాతే, పీవీసీ. మూడింటికి విప్పి చూస్తే పెనం మీద దోసె అంచు లేచినట్టు ఒక పక్కంతా లేచి ఉంది. ప్లేయర్ మీద పెట్టారు. ముల్లు పడవలా లేస్తోంది, దిగుతోంది. పియానో సాగుతోంది, ముడుచుకుంటోంది.

అక్కడితో ఆగితే నేనూ జాలిపడేదాన్ని. వాచ్‌మన్‌ని ఒక్క మాట అనలేదు. కొరియర్ వాళ్ళకి ఫోన్ చెయ్యలేదు. నా వైపు తిరిగి, "నువ్వు మెలకువగానే ఉన్నావుగా, బెల్లు వినపళ్ళేదా?" అన్నారు. పక్కింటి కుక్కర్ కూత మన ఇంటిదో కాదో చెప్పగలిగే చెవులు నావి. బెల్లు కొడితే వినపడేది. ఆ ముక్కే అన్నాను. ఆయన వినిపించుకోలేదు. టీపాయ్ మీద పేపర్లు కింద పడేసి అద్దం ఊడబెరుకుతున్నారు.

ఇంట్లో కల్లా చదునైన జాగా నా స్టవ్ పక్క గట్టేనట. తుడిచిందే మూడుసార్లు తుడిచారు. ఇంట్లో పూజగదికి కూడా ఆ మర్యాద ఎప్పుడూ జరగలేదు. బరువుకి ముందు నిఘంటువులు పెట్టారు, చాలలేదు. తర్వాత జాడీ. తిరగకలిపి పట్టుమని పది రోజులు కాని ఆవకాయ. "ఇరవై నాలుగు గంటలు కదపకూడదు" అని నాకు ఆర్డరు. ఇంట్లో కొత్తావకాయ పెట్టుకుని, మే నెలలో, పెరుగన్నంలో పోయినేటి నిమ్మకాయ నంజుకున్నాం. రేపు పిల్ల పెళ్ళి సంబంధాల వాళ్ళకి చెప్పడానికి కూడా సిగ్గుగా ఉంటుంది.

మిగతా భాగోతం మా ఇంట్లో ఎప్పుడూ ఉండేదే. ఇన్వర్టర్ బ్యాటరీకని తెచ్చిన డిస్టిల్డ్ వాటర్‌తో ప్లేట్లు కడగడం, బ్యాటరీ ఎండిపోయి కరెంటు పోయినప్పుడు ఫ్యాన్ ఆగితే లోకాన్ని తిట్టడం. రికార్డు తిరుగుతుంటే నేను మిక్సీ వెయ్యకూడదు, స్పీకర్లో టక్కుమంటుంది. పచ్చళ్ళన్నీ మొదటి పక్కకీ రెండో పక్కకీ మధ్యనే రుబ్బుకోవాలి. ఇక ఆ భూతద్దం. రూడీ వాన్ గెల్డర్ అని ఒకాయన పగలు కళ్ళు పరీక్ష చేసి కళ్ళజోళ్ళు రాసేవాడట. మిగతా టైములో న్యూజెర్సీలో హాకెన్‌సాక్ అనే ఊళ్ళో అమ్మానాన్నల ఇంటి హాల్లోనే జాజ్ వాళ్ళని కూర్చోబెట్టి రికార్డు చేసేవాడు. శాక్సఫోన్ వాయించే కోల్ట్రేన్ ప్లేటు 'బ్లూ ట్రెయిన్' 1957లో ఆ హాల్లో పట్టిందే. ఆయన చేతి ప్లేట్లకి లేబుల్ చుట్టూ ఉండే నున్నటి జాగాలో ఆర్వీజీ అని మూడక్షరాలుంటాయి. ఈయన దగ్గర అలాంటిది ఒక్కటుంది. పండగలకి వెండి సామాను తీసినట్టు తీసి, భూతద్దంతో చూసుకుని లోపల పెట్టేస్తారు. నాకైతే ఎప్పుడూ ఆ తల్లే గుర్తొస్తుంది. హాల్నిండా డ్రమ్ములు. ఆవిడ ఎక్కడ కూర్చుని కూరగాయలు తరుక్కుందో.

ఇంతకీ అబద్ధం దగ్గర ఉన్నాను కదా. కొంచెం వెనక్కి వెళ్ళాలి.

1995లో మా మరిది అమెరికా నుంచి ఒక టర్న్‌టేబుల్, అంటే ప్లేట్లు తిప్పే మిషను, తెచ్చాడు, ఎవరో వాకిట్లో పెట్టి అమ్ముతుంటే కొన్నది. దాంతోపాటు ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ ప్లేటు 'కైండ్ ఆఫ్ బ్లూ'. అంతకుముందు ఈయన జాజ్ అంటే గుంటూరు హాస్టల్లో షార్ట్‌వేవ్ మీద వాయిస్ ఆఫ్ అమెరికాలో విన్నదే, అక్కడ జాజ్ కార్యక్రమం నడిపిన విల్లిస్ కానోవర్ గొంతుతో, గరగరల మధ్య. నాదా, విజయవాడ రేడియో భక్తిరంజని, నాలుగేళ్ళ వీణ. గవర్నరుపేటలో స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొన్నారు. ఇటుకంత ఉండేది, గుయ్యిమనేది, పిల్లి వచ్చి దాని పక్కన పడుకునేది. ప్లేటు తిరిగింది. సత్యనారాయణపురం అద్దె ఇంట్లో ఆ రాత్రి మొదటిసారి నాకు జాజ్ నచ్చింది. నిమ్మళంగా, బరువుగా, గోదారి పడవలా ఉంది. మరుసటేడు అమ్మాయి పుట్టాక మొదటి పక్క చివర్లో 'బ్లూ ఇన్ గ్రీన్' వస్తే గానీ నిద్రపోయేది కాదు. ఐదున్నర నిమిషాల వాయిద్యం మా ఇంట్లో ఆరున్నర దాటి సాగేది. అంతేననుకున్నాం.

రెండేళ్ళకి బెల్టు తెగింది. గవర్నరుపేటలో ముసలి రేడియో మెకానిక్ బాగుచేసి, ప్లేటు అంచున కాగితం ముక్క అంటించి, చేతి గడియారం చూస్తూ లెక్కపెట్టాడు. నిమిషానికి ముప్ఫై మూడు చుట్లు తిరగాల్సింది ఇరవై ఎనిమిది దగ్గర ఆగింది. "వోల్టేజీ తగ్గించారు గానీ సార్, ఇది సెకనుకి అరవై సైకిళ్ళ అమెరికా కరెంటు మోటారు. మన కరెంటు యాభై, వేగం అంతమేరా తగ్గుతుంది" అన్నాడు. ఈయన మొహం చూడాలి. రెండేళ్ళుగా విన్నదంతా ఆరింట ఒక వంతు నెమ్మది, వీణ మీద చూస్తే మూడు మెట్లు కింద!

ఆటోనగర్‌లో లేత్ షాపు పట్టుకున్నారు. లారీల పనిచేసే కుర్రాడు పాత పుల్లీకి పదికి పన్నెండు లెక్కన ఇత్తడిది కొత్తది తిప్పి ఇచ్చాడు. ఈయన ఇంటికొచ్చి ప్లేటు పెట్టి, "ఇదీ అసలు మైల్స్ డేవిస్" అన్నారు. నాకు ఎవరో తరుముతున్నట్టుంది. పిల్ల నిద్రపోలేదు. మూడు రాత్రులు చూసి, నాలుగోనాడు ఏమీ మాట్లాడకుండా పాత పుల్లీ బిగించారు. అమ్మాయి మాటలు నేర్చేదాకా మా ఇంట్లో తప్పు వేగమే నడిచింది.

అసలు నవ్వు ఆ తర్వాత. ఆ మొదటి పక్క 1959 మార్చి 2న రికార్డు చేసినప్పుడు స్టూడియోలో టేపు మిషనే కాస్త నెమ్మదిగా తిరిగిందట, అందుకని ఆ టేపుని మామూలు వేగంతో తిప్పి చేసిన ప్లేటు మీద శ్రుతి పైకెక్కింది. 1992లో గానీ, వేరే మిషన్ మీద పట్టిన టేపు పెట్టి సరిచెయ్యలేదు. మాది అంతకుముందుది. అంటే లేత్ మీద తిప్పించి, పదిసార్లు కొలిచి విన్నది కూడా సరైంది కాదు! ఇది ఎక్కడో చదివి ఈయన రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

ఇది రాయడం మొదలుపెట్టినప్పుడు ఇవాళ ఫోన్లో ఆడిన అబద్ధం పిరికితనం అని రాద్దామనుకున్నాను. పిల్లకి నిజం చెప్తే ఏమవుతుంది, ఇంకోటి పంపిస్తుంది. పుల్లీ సంగతి రాశాక ఆ మాట రాయబుద్ధి కావడం లేదు.

కానీ ఒకటుంది. ఈ ముప్ఫై ఏళ్ళలో నా పప్పులో ఉప్పు తగ్గితే తగ్గిందనే అన్నారు. వీణ తీగ రవ్వంత దిగితే పక్కగదిలోంచి అరిచారు. మా అన్నయ్య పెళ్ళికి నేను కట్టుకున్న పట్టుచీర రంగు గురించి ఏమన్నారో ఈ డైరీలో ఇదివరకే ఉంది. అంత నున్నగా, తడుముకోకుండా "బ్రహ్మాండం" అనడం ఈ మనిషికి వచ్చని నాకు ఇవాళే తెలిసింది. నిద్ర పట్టనిది అందుకు.

లేచి చూశాను. అద్దం కింద అంచు కొంచెం దిగినట్టే ఉంది, లేదా లైటు అలా పడిందేమో. గిన్నెలో రెండు ముద్దల అన్నం మిగిలింది. జాడీ కదపలేదు. మూత మాత్రం తీశాను.