నడిపోడికి ఇంకో పేరు

పోయిన సంక్రాంతికి పాలకొండ దగ్గర మా ఊరొచ్చాను, మ్యూనిక్ నుంచి ఆఫీసు లాప్‌టాప్ కూడా నాతోనే దిగింది, తప్పదు కదా. కనుమ నాడు రాత్రి తొమ్మిదిన్నరకి, అంటే అక్కడ సాయంత్రం ఐదుకి, మెసేజ్ వచ్చింది, టెస్టులన్నీ ఫెయిల్ అని. నాన్న అరుగు మీద కూర్చుని ఏటి పని అనడిగారు. లైనక్స్‌లో నెట్‌వర్క్ కార్డుకి (కంప్యూటర్‌ని నెట్‌కి కలిపేది) పేరు సరిగ్గా పడిందో లేదో చూడ్డం అన్నాను.

"పేరెట్టడానికి కూడా జీతమిత్తన్నారేట్రా?"

మేం ముగ్గురం, పెద్దోడు, నడిపోడు, చిన్నోడు, నేను నడిపోణ్ణి. పాత లైనక్స్‌లో కార్డులూ అంతే, ఈత్0, ఈత్1 అని వరసన పేర్లు, కాకపోతే మెషిన్ లేచినప్పుడల్లా ఎవడు ముందు కనబడితే వాడే పెద్దోడు, ఫైర్‌వాల్ (నెట్‌లో దేన్ని రానివ్వాలో చూసే కాపలా) రూలు పెద్దోడికని రాస్తే పోయి చిన్నోడికి తగిలేది. అందుకే 2013లో సిస్టమ్‌డీ (లైనక్స్ లేచేటప్పుడు మిగతావన్నీ లేపే ప్రోగ్రాం) 197వ వెర్షన్ నుంచి కార్డు కూర్చున్న చోటుని బట్టి పేరొచ్చింది, ఈఎన్‌పీ3ఎస్0 అంటే మూడో బస్సు (కార్డులు తగిలించే లైను), సున్నా స్లాటు, మన లెక్కలో మూడో వీధి మొదటిల్లు. పోస్టుమేనుకి సుఖమే అన్నారు నాన్న. అవును గానీ మధ్యలో కొత్త వీధేస్తే? ఇంకో పీసీఐ కార్డు (ఆ లైన్లకి తగిలించేదే) పెడితే ఆ మూడు కాస్తా నాలుగైపోవచ్చు.

మా గొడవా అలాంటిదే. క్యూఈఎంయూలో (కంప్యూటర్ లోపల ఉత్తుత్తి కంప్యూటర్ నడిపే ప్రోగ్రాం) మెషిన్ టైపుని క్యూ35 అనే వేరే మోడల్‌కి ఎవరో మార్చారు, నిన్నటిదాకా ఈఎన్‌ఎస్3 అన్న కార్డు ఈఎన్‌పీ1ఎస్0 అయి కూర్చుంది. నేనేమో టెస్టులో పాత పేరే రాసేశాను (నా తప్పే, ఒప్పుకుంటున్నా). పైగా పేరు మారితే ఐపీ (నెట్‌వర్క్‌లో మెషిన్ అడ్రస్) రాదు, ఐపీ లేకపోతే ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి మెషిన్‌లోకి లాగినయ్యే దారి) రాదు, టెస్టు టైమౌట్ అంటుంది తప్ప ఎందుకో చెప్పదు. సీరియల్ కన్సోల్ లాగ్ (నెట్‌వర్క్ లేకపోయినా మెషిన్ రాసే చిట్టా) తీస్తేగానీ అర్థం కాలేదు, దానికే రెండు గంటలు పోయాయి.

చివరికి మెషిన్ లేపేటప్పుడే మ్యాక్ అడ్రస్ (కార్డు సొంత నంబరు) మనమే ఇచ్చి, లింక్ ఫైల్లో (ఏ కార్డుకి ఏ పేరో సిస్టమ్‌డీకి చెప్పేది) ఆ మ్యాక్‌కి ల్యాన్0 అని పేరు కట్టేశాను. పుట్టుమచ్చ చూసి మనిషిని పోల్చుకున్నట్టు. ఈత్0 అనే పెట్టొచ్చు కదా అనుకుంటారు, కెర్నెల్ (లైనక్స్ గుండెకాయ) ఇచ్చే పేర్లతో గుద్దుకుంటుంది, వద్దు. తర్వాత ఇంకో కార్డు పెట్టి, రీబూట్ చేసి, మళ్లీ అదే పేరొస్తోందా అని చూసే టెస్టు కూడా వేశాను.

అర్ధరాత్రి దాటాక మేనేజర్ కాల్ చేశాడు, కొంచెం పాతకాలం మనిషి, ఇంటిపేరుతోనే పిలుస్తాడు. స్పీకర్‌లో మా ఇంటిపేరు వినబడగానే నాన్న మంచం మీంచి లేచి కూర్చున్నారు.

"నన్నేటికి పిలుత్తన్నాడ్రా ఆడు?"