చలికాలం పుస్తకాలకు చీటీ రాయడం

“ఇది ఎంత గొప్ప పుస్తకమో మిమ్మల్నెవరూ అడగలేదు. ఎవరికి నచ్చుతుందో రాయండి.” నవంబర్‌లో చలికాలం పుస్తకాల బల్ల సర్దుతున్నప్పుడు, పుస్తకం దగ్గర అరకు అతికించడానికి నేను రాసిన సిఫార్సు చీటీని తిరిగి నా చేతిలో పెడుతూ షాపు నడిపే పెద్దావిడ అన్న మాట. చీటీ మీదున్నది ఒకే వాక్యం: అందరూ చదివి తీరాల్సిన నవల. మన దగ్గర పుస్తకం గురించి అంతకంటే పెద్ద మాట లేదు. బెజవాడ పుస్తక ప్రదర్శనలో స్టాల్లో కూర్చున్నాయన ఆ మాటంటే ఎదురు ప్రశ్న వేయకుండా సంచీలో వేసుకుంటాం. ఇంగ్లండ్‌లో ఈ చిన్న ఊరి పుస్తకాల షాపులో ఆ మాట చెల్లలేదు. ఎందుకు చెల్లలేదో తెలియాలంటే ఇక్కడి పుస్తకాల వ్యాపారం కొంత తెలియాలి.

ముందు డబ్బు సంగతి. బ్రిటన్‌లో 1900 నుంచి ఒక ఒప్పందం ఉండేది: ప్రచురణకర్త వేసిన ధరకే ఏ షాపైనా పుస్తకం అమ్మాలి. 1995లో పెద్ద ప్రచురణ సంస్థలు పక్కకు తప్పుకోవడంతో అది కూలిపోయింది. 1997లో కోర్టు కూడా అది ప్రజాప్రయోజనానికి విరుద్ధమని తేల్చింది. అప్పట్నుంచి సూపర్‌మార్కెట్లూ ఆన్‌లైన్ షాపులూ పేరున్న కొత్త పుస్తకాన్ని సగం ధరకు కూడా అమ్ముతున్నాయి. చిన్న షాపుకు దొరికే కమీషన్ సాధారణంగా 35 నుంచి 45 శాతం మధ్య. 22 పౌండ్ల గట్టి అట్ట నవల మీద 40 శాతం అనుకుంటే షాపు కొనే ధర 13 పౌండ్ల 20 పెన్నీలు. అదే నవల సూపర్‌మార్కెట్‌లో 11 పౌండ్లు! అంటే షాపు కొన్న ధర కంటే అక్కడ అమ్మే ధరే తక్కువ. మిగిలే 8 పౌండ్ల 80 పెన్నీల్లోంచే అద్దె, జీతాలు, కరెంటు వెళ్లాలి. ధరలో పోటీ పడే దారి ఎప్పుడో మూసుకుపోయింది. చిన్న షాపు చేతిలో మిగిలింది ఒక్కటే, ఈ మనిషికి ఈ పుస్తకం అని చెప్పగలగడం. “అందరూ చదవాలి” అన్న మాట సూపర్‌మార్కెట్ కూడా అట్ట మీద స్టిక్కరేసి చెప్పగలదు.

ఇది అర్థమయ్యాక కూడా నా మనసు పూర్తిగా ఒప్పుకోలేదు, ఆ మాట దాచను. మనవాళ్లు పుస్తకాన్ని గొప్పదనడంలో అమ్మకం ఉద్దేశం ఉండదు. తను పొందింది ఎదుటివాడూ పొందాలన్న ఆత్రం అది. ఆ ఆత్రం లేకపోతే తెలుగులో పుస్తకాలు ఇన్నేళ్లు చేతులు మారేవే కావు. అయితే బెజవాడలో ఆ మాట చెప్పేవాడు ఎదురుగా ఉంటాడు, అతని ముఖం చూసి నమ్ముతాం. చీటీకి ముఖం లేదు. రాసినవాళ్లు పక్కన లేనప్పుడు కూడా అది పని చెయ్యాలి.

ఇక చీటీ రాసే పద్ధతి. కార్డు పోస్టుకార్డు కంటే చిన్నది. నలభై, యాభై మాటలు దాటితే మూడడుగుల దూరం నుంచి ఎవరూ చదవరు. నల్ల సిరా వాడాలి. ఎరుపు సిరా కిటికీ పక్క బల్ల మీద వారాల్లోనే వెలిసిపోతుంది. మొదటి వాక్యంలో కథ చెప్పకూడదు, చదివే మనిషి కనిపించాలి: ‘రాత్రి పది పేజీలు చదివి నిద్రపోయేవాళ్లకు’, ‘హత్య కావాలి, రక్తం వద్దు అనేవాళ్లకు’. రెండో వాక్యంలో పుస్తకం నడక చెప్పాలి, నెమ్మదిగా మొదలవుతుందా, అధ్యాయాలు చిన్నవా, ముగింపు తేలికపడేలా ఉందా. నచ్చకపోయే వాళ్లెవరో ఒక్క మాటలో చెబితే ఇంకా మంచిది. ‘మొదటి ఎనభై పేజీలు ఓపిక పట్టాలి’ అని నిజం రాసిన చీటీ ఉన్న పుస్తకం కొన్నవాళ్ల దగ్గర్నుంచి వెనక్కి రావడం తక్కువ. కింద రాసినవాళ్ల మొదటి పేరు ఉండాలి, ఎవరైనా వచ్చి అడగడానికి. చీటీని అరకు అతికించాలి గానీ పుస్తకానికి కాదు. అట్ట మీద జిగురు మరక పడితే, అమ్ముడుపోని పుస్తకాన్ని ప్రచురణకర్త వెనక్కి తీసుకోడు. పుస్తకం అయిపోయిన రోజే చీటీ కూడా తీసెయ్యాలి. లేని పుస్తకం గురించి ఊరించడం కస్టమర్‌కు కోపం తెప్పిస్తుంది.

కౌంటర్ దగ్గర అడిగే ప్రశ్నలూ ఇలాంటివే. డిసెంబర్‌లో వచ్చేవాళ్లలో చాలామంది కొనేది తమ కోసం కాదు. “మా నాన్నకు ఏదైనా” అంటారు. “ఆయనకు ఏ విషయాలు ఇష్టం?” అని అడిగితే చరిత్ర అనో క్రికెట్ అనో జవాబొస్తుంది, దాంతో పని జరగదు. “చివరిసారి ఆయన పూర్తిగా చదివిన పుస్తకం ఏది?” అనడగాలి. ‘పూర్తిగా’ అన్నది ముఖ్యం. తర్వాత అడగాల్సింది చేతుల గురించి, కళ్ల గురించి. అయిదొందల పేజీల గట్టి అట్ట పుస్తకం ముప్పావు కిలో దాకా తూగుతుంది. కీళ్ల నొప్పులున్నవాళ్లు పడుకుని దాన్ని పట్టుకోలేరు, పేపర్‌బ్యాక్ వచ్చేదాకా ఆగమని చెప్పడమే న్యాయం. చూపు తగ్గినవాళ్లకు పెద్దక్షరాల ప్రతులు వేరే ఉంటాయి, అక్షరం సైజు 16 పాయింట్లు, అంతకు పైన. పెద్దల పట్ల గౌరవం మన సొత్తని మనం అనుకుంటాం. పుస్తకం బరువెంతో అడగాలని మాత్రం ఈ కౌంటరే నేర్పింది.

చలికాలం పుస్తకాలకు గడువులుంటాయి. ఇంగ్లండ్ ఉత్తరాన డిసెంబర్‌లో సాయంత్రం నాలుగు కాకుండానే చీకటి పడుతుంది. అక్టోబర్ చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పిన వారం నుంచే జనం లావుపాటి నవలలు అడుగుతారు. అక్టోబర్‌లోనే ఒక గురువారం వందల కొద్దీ గట్టి అట్ట పుస్తకాలు ఒకేసారి వస్తాయి, వ్యాపారంలో దాన్ని సూపర్ థర్స్‌డే అంటారు. వాటిలో ఏది నిలబడుతుందో తేల్చుకోవడానికి నవంబర్ రెండో వారం దాకానే సమయం. పిల్లలకు రోజుకో అధ్యాయం చొప్పున క్రిస్మస్ దాకా చదివించే ఇరవైనాలుగు అధ్యాయాల పుస్తకాలు డిసెంబర్ 1 దాటితే కదలవు, వాటిని నవంబర్ మొదట్లోనే ముందు వరసలో పెట్టాలి. రోజుకో కవిత సంకలనాలది దీనికి తలకిందులు, అవి చదవడం జనవరి 1న మొదలవుతుంది కనుక డిసెంబర్ మూడో వారంలో ఎక్కువ పోతాయి. దెయ్యం కథలు క్రిస్మస్ ముందురోజు రాత్రి చదువుకోవడం ఇక్కడి పాత అలవాటు. పల్చటి పుస్తకాలు, కౌంటర్ పక్కన పెడితే చాలు. పాతకాలపు డిటెక్టివ్ నవలల పునర్ముద్రణలు మాత్రం ఏ వారమైనా పోతాయి. హంతకుడు దొరుకుతాడన్న భరోసా చీకటి రోజుల్లో జనానికి కావాలి, అందులో చిన్నచూపు చూడాల్సిందేమీ లేదు.

తప్పులు జరిగేది లెక్కల్లో. బల్ల మీద అయిదారు ప్రతుల దొంతర కావాలి. ఒక్కటే ఉంటే ఎవరో వదిలేసినట్టు కనిపిస్తుంది. అమ్ముడుపోనివి సాధారణంగా మూడు నెలలు దాటాక, ఏడాదీ ఏడాదింబావూ లోపల, ప్రచురణకర్తకు తిప్పి పంపవచ్చు. కానీ రచయిత సంతకం ఉన్నవి మామూలుగా వెనక్కి పోవు, పైకవరు చిరిగినవి అసలే పోవు. అందుకని సంతకాల ప్రతులు అమ్మగలిగినన్నే పెట్టించుకోవాలి. డిసెంబర్ మధ్యలో అసలు ప్రమాదం వేరే: బాగా పోతున్న పుస్తకం ప్రచురణకర్త దగ్గర నిండుకుని, మళ్లీ అచ్చవుతోందన్న జవాబొస్తుంది. ఆ ప్రతులు జనవరికి గానీ రావు. అప్పుడు ఈస్ట్‌బోర్న్‌లోని పుస్తకాల టోకు వ్యాపారి గార్డ్‌నర్స్ గోడౌనే దిక్కు, మధ్యాహ్నం గడువులోగా ఆర్డరిస్తే మర్నాటికి వస్తుంది, కమీషన్ కాస్త తక్కువైనా. 2020 జూన్‌లో నారిచ్‌లోని బెర్ట్రమ్స్ మూతపడ్డాక అంత పెద్ద టోకు వ్యాపారి ఇంకొకరు లేరు.

ఇదంతా చూస్తున్నప్పుడు మనసు పోయేది మన పుస్తకాల మీదికే. 2022లో హిందీ నవలకు, 2025లో కన్నడ కథలకు, ఇంగ్లిష్ అనువాదాలకిచ్చే ఇంటర్నేషనల్ బుకర్ బహుమతి వచ్చాక ఇక్కడి చిన్న షాపుల్లోనూ అనువాదాల అర కొంచెం వెడల్పయింది. ఆ అరలో తెలుగు కోసం వెతికే కళ్లకు ఆశ తీరదు. కారణం నాణ్యత కాదు, ఇది నేను గట్టిగానే అంటాను. ఇండియాలో వచ్చిన ఇంగ్లిష్ అనువాదాల్లో చాలావాటి వెనక అట్ట మీద భారత ఉపఖండంలో మాత్రమే అమ్మాలన్న షరతు ఉంటుంది. ఆ షరతున్నది ఇక్కడి షాపు పెట్టుకోకూడదు. షరతు లేనిదైతే పుస్తకం గుర్తింపు సంఖ్య, అంటే ఐఎస్‌బీఎన్, కొట్టినప్పుడు టోకు వ్యాపారి జాబితాలో కనిపించవచ్చు, కానీ ఆర్డరిచ్చాక అచ్చేసేదిగానో దిగుమతిగానో ఉంటుంది. కమీషన్ తక్కువ, రావడానికి వారాలు, మిగిలినవి వెనక్కి పోవు. ఇంత నష్టభయంతో ఏ షాపూ ఆరు ప్రతుల దొంతర పెట్టదు. రెండు మూడు ప్రతులు పెట్టుకుని, అవి పోయేలా చీటీ రాయాలి.

పెద్దావిడ మాట బలం నాకు ఈ రెండు మూడు ప్రతుల దగ్గరే తెలిసింది. తెలుగు నవల అనగానే చెయ్యి ‘ఆంధ్ర పల్లె జీవితానికి అద్దం’ అని రాయబోతుంది. దాన్ని చదివేవాళ్లు ఆ పల్లె తెలుసుకుందామనుకునే కొద్దిమందే. ‘ఒక ఇంటి మూడు తరాలనూ, చేతులు మారిన భూమినీ చెప్పే లావు నవలలు ఇష్టపడేవాళ్లకు, మొదట్లో పేర్లు తికమక పెడతాయి, ముప్పయ్యో పేజీకి అలవాటవుతాయి’ అని రాస్తే, ఇంగ్లిష్ కుటుంబ నవలల కోసం వచ్చినవాళ్లు దాన్ని కూడా చేతిలోకి తీసుకుంటారు. దేశం పేరు చీటీలో చివర వస్తే చాలు. మనది గొప్పదని చెప్పుకోవాలనిపించడం సహజమే, దూరాన ఉన్నప్పుడు మరీనూ. ఆ గొప్ప పుస్తకం లోపల ఉంటుంది, చీటీ పని దాని మొదటి పేజీ తెరిపించడం.

ఈ పుస్తకాలకు క్రిస్మస్ తొందరలో చోటు దొరకదు. జనవరి మేలు. కానుకగా వచ్చిన బుక్ టోకెన్లు, అంటే పుస్తకాలు కొనుక్కునే కూపన్లు, ఖర్చు పెట్టుకోవడానికి జనం అప్పుడు తమ కోసం వస్తారు, బల్ల ముందు ఎక్కువసేపు నిలబడతారు, తెలియని పేరును కూడా తిరగేస్తారు. టోకెన్‌తో కొనేటప్పుడు కొత్తదానికి సాహసం చేస్తారు కూడా. దిగుమతికి పట్టే వారాలు లెక్కేస్తే జనవరి బల్ల మీద తెలుగు పుస్తకం ఉండాలంటే ఆర్డరు నవంబర్‌లోనే పడాలి, షాపులో అందరి చూపూ క్రిస్మస్ మీదే ఉన్నప్పుడు.