అలసట రాకముందే ఆపమన్నారు

2025 జనవరిలో పూణేలో జీబీఎస్ అనే నరాల జబ్బు కేసులు పెరిగిపోయాయని టీవీలు హోరెత్తించినప్పుడు మా ఇంటికి వరసగా ఫోన్లు వచ్చాయి. "వదినా, నీకొచ్చింది ఇదేగా? అంటుకుంటుందా? నీళ్లలోంచి వస్తుందా?" అని. ఈ జబ్బు అంటుకోదు. కలుషితమైన నీళ్లో తిండో కడుపులోకి పోయి విరేచనాలవుతాయి. చాలామందికి అంతటితో తగ్గిపోతుంది. ఎక్కడో ఒకరికి మాత్రం, ఆ క్రిమిని చంపడానికి లేచిన రక్షణ వ్యవస్థ గురి తప్పి సొంత నరాల మీదే పడుతుంది. జలుబు, జ్వరం తర్వాత కూడా రావచ్చు. పూర్తి పేరు గియాన్-బారే సిండ్రోమ్. నాకొచ్చింది అంతకు రెండేళ్ల ముందు, ఈ పేరు మా బంధువుల్లో ఒక్కరికీ తెలియని రోజుల్లో. జబ్బు ఎలా వస్తుందో ఫోన్లో చెప్పొచ్చు. తర్వాత నెలల తరబడి ఇంట్లో ఏం చేయాలో, ముఖ్యంగా కుర్చీలో కూర్చుని తొక్కే పెడల్ మిషను సంగతి, చెప్పాలంటే ఫోను చాలదు.

నేను మంగళగిరిలో ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. ఫాల్, పికో, లైనింగ్ బ్లౌజులు, పెళ్లిళ్ల సీజన్ వస్తే రాత్రి పదకొండింటి దాకా పని. చిన్నప్పటి నుంచీ మిషను తొక్కిన కాళ్లు నావి. మోటారు పెట్టించుకున్నాక కూడా కాలి కింద పెడల్ ఉండేదే, ఎంత నొక్కితే ఎంత వేగమో పాదానికి తెలుసు. నాకూ విరేచనాలతోనే మొదలైంది. అవి తగ్గిన వారానికి కాలి వేళ్లలో తిమ్మిరి మొదలైంది. మఠం వేసుకుని కూర్చుని హెమ్మింగ్ చేశాను కదా, అందుకేమో అనుకున్నాను. సాయంత్రం మిషను ముందు కూర్చుంటే, కాలు పెడల్ మీద ఉందో లేదో వంగి చూసుకోవాల్సి వచ్చింది. మర్నాడు నడుస్తుంటే చెప్పు జారిపోయింది, జారినట్టు నాకు తెలియనే లేదు. మా అత్తయ్య వెనకనుంచి "అమ్మాయ్, చెప్పు ఇక్కడ వదిలేశావేం?" అంటే వెనక్కి తిరిగి చూశాను. ఆ తర్వాతి రోజు నేల మీద కూర్చున్నదాన్ని లేవలేకపోయాను.

మా వీధి డాక్టరుగారు చిన్న సుత్తితో మోకాలి చిప్ప కింద కొట్టారు. కాలు ఎగరలేదు. రెండోదీ అంతే. "నేను మందు రాయనమ్మా. ఇప్పుడే విజయవాడ వెళ్లిపోండి, రేపటిదాకా ఆగొద్దు" అన్నారు. నీరసమని ఓ బలం సూది వేసి ఇంటికి పంపేసి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ వణుకే. ఇది కాళ్ల నుంచి పైకి పాకే జబ్బు. ఛాతీ దాకా వస్తే ఊపిరి తీసే కండరాలు కూడా చేతులెత్తేస్తాయి.

ఆసుపత్రిలో నడుము దగ్గర సూది గుచ్చి వెన్నులోంచి నీరు తీశారు. కాళ్లూ చేతుల నరాలకు చిన్న చిన్న షాకులిచ్చి పరీక్ష చేశారు. నీటిలో ప్రొటీన్ ఎక్కువగా ఉండి కణాలు మామూలుగా ఉంటే అది ఈ జబ్బుకు గుర్తట. నాకలాగే ఉంది. ఆ పరీక్షల నొప్పి పెద్దగా గుర్తులేదు. గుర్తున్నది ఐసీయూలో లెక్కపెట్టడం. నర్సమ్మ మాటిమాటికీ వచ్చి, "గట్టిగా ఊపిరి పీల్చి ఒక్క గుక్కలో ఎంతదాకా వస్తే అంతదాకా లెక్కపెట్టమ్మా" అనేది. మొదటి రాత్రి ముప్పై దాటాను. రెండో రాత్రి పద్దెనిమిది దగ్గర ఆగిపోయాను. పంతొమ్మిది అనే మాట నోట్లోనే ఉంది, దాన్ని బయటికి తోయడానికి గాలి లేదు. ఆమె ఏమీ మాట్లాడకుండా వెళ్లి డ్యూటీ డాక్టరును పిలుచుకొచ్చింది. వెంటిలేటర్ తెచ్చి మంచం పక్కన పెట్టారు గానీ దాని అవసరం రాలేదు, ఆ అంకె మళ్లీ మెల్లగా ఎక్కింది.

ఇచ్చిన మందు ఐవీఐజీ, అంటే వేలమంది దాతల ప్లాస్మాలోంచి (రక్తంలోని ద్రవం) తీసిన యాంటీబాడీలు, రోగాలతో పోరాడే ప్రొటీన్లు. కిలో బరువుకు రోజుకు 0.4 గ్రాముల చొప్పున 5 రోజులు. నా 60 కిలోలకు మొత్తం 120 గ్రాములు, అంటే 5 గ్రాముల సీసాలు 24. ఒక్కో సీసా వేలల్లో ఉంటుంది. మా ఆయన నా గాజులు, గొలుసు తాకట్టు పెట్టారు. కొందరికి దీని బదులు ప్లాస్మా మార్పిడి చేస్తారట. ఏది చేసినా జబ్బు ముదరకుండా ఆపి మనిషి తొందరగా తేరుకోవడానికే. పాడైన నరాన్ని అప్పటికప్పుడు బాగుచేసే మందు ఏదీ లేదు. ఇంటికి అంబులెన్సులో వచ్చాను, ఇద్దరు మోసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టారు.

"ఎన్నాళ్లు పడుతుంది డాక్టర్?" అని డిశ్చార్జి రోజే అడిగాను. నరం పైపొర ఒక్కటే దెబ్బతింటే వారాల్లో, నెలల్లో మళ్లీ కట్టుకుంటుందని, లోపలి పోగు కూడా దెబ్బతింటే అది రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుందని చెప్పారు. నాకు ఎక్కువగా పైపొరే పోయిందట, అదృష్టం. అయినా దర్జీ బుద్ధి ఊరుకోదు కదా. ఇంటికొచ్చాక అత్తయ్యతో టేపు తెప్పించి నడుము నుంచి బొటనవేలి దాకా కొలిపించాను. మీటరు దగ్గరికొచ్చింది. వెయ్యి మిల్లీమీటర్లు, వెయ్యి రోజులు. టేపు చుట్టేసి డ్రాయరులో పెట్టించేశాను.

ఇక చూడటానికి వచ్చేవాళ్లు. మేక కాళ్ల పాయా తాగితే కాళ్లొస్తాయన్నారు ఒకరు. నువ్వుల నూనె కాచి రుద్దించమన్నారు ఇంకొకరు. పుత్తూరు తీసుకెళ్లి కట్టు కట్టించమన్నారు మా పెద్దాడపడుచు. పుత్తూరు కట్టు విరిగిన ఎముకలకు కదా వదినా, నా ఎముకలు గుండ్రాయిలా ఉన్నాయి అంటే ఆవిడకు కోపం వచ్చింది. పాయా మాత్రం తాగాను, రుచిగా ఉంటుంది.

ఫిజియోథెరపీ చేయడానికి రోజు మార్చి రోజు ఒక కుర్రాడు ఇంటికి వచ్చేవాడు. మొదట్లో అంతా మంచం మీదే. కాళ్లు అతనే వంచి చాపేవాడు, పాదం కిందికి వాలిపోకుండా దిండు ఎలా పెట్టాలో చూపించేవాడు. వీపుకు ఆనుకోకుండా కాసేపు కూర్చోగలిగిన రోజున, "అమ్మా, ఒక చిన్న పెడల్ మిషను తెప్పించుకోండి, కుర్చీలో కూర్చుని తొక్కేది" అన్నాడు. ఆన్‌లైన్‌లో రెండు వేల లోపే దొరికింది. నాలుగు ఇనప గొట్టాలు, రెండు పెడళ్లు, బిగువు పెంచడానికి మధ్యలో ఒక మర, తిప్పిన రౌండ్లు చూపించే చిన్న డబ్బా. బిగించేటప్పుడు ఒకటి గమనించాలి. ఎడమ పెడల్ మర సైకిల్లో లాగే ఉల్టా తిరుగుతుంది. మామూలుగా బిగించబోతే ఎక్కదు, బలం పెడితే మర అరిగిపోతుంది. పెడల్ మీద కుడి, ఎడమ గుర్తులుంటాయి చూసుకోండి.

ప్రకటనల్లో దీన్ని సోఫాలో కూర్చున్న సన్నటి అమ్మాయి నవ్వుతూ తొక్కుతుంది. మా ఇంట్లో అలా కుదరలేదు. టైల్స్ మీద పెడితే రెండు తిప్పులకే ముందుకు జారిపోయింది. ప్లాస్టిక్ కుర్చీ అయితే వెనక్కి జరిగింది. చివరికి చేతులున్న చెక్క కుర్చీని గోడకు ఆనించి, మిషను కింద రబ్బరు పట్టా వేసి, మిషను కాళ్లను కుర్చీ కాళ్లకు నాడాతో కట్టాం. దూరం కూడా ముఖ్యం. పెడల్ బాగా ముందుకెళ్లినప్పుడు కూడా మోకాలు కాస్త వంగి ఉండాలి, పూర్తిగా చాచుకుపోకూడదు.

అసలు చిక్కు మడమ దగ్గర వచ్చింది. పెడల్‌కు వేళ్ల మీదుగా ఒక పట్టీ ఇస్తారు. పాదం పైకి ఎత్తే బలం ఉన్నవాళ్లకు అది చాలు. నా పాదం వాలిపోయే పాదం. ప్రతి తిప్పుకూ మడమ జారి వెనక్కి వేలాడేది. అప్పుడు నా దగ్గర పని నేర్చుకుంటున్న అమ్మాయిని కుట్టు మిషను ముందు కూర్చోబెట్టి, నేను మంచం మీంచి చెబుతుంటే ఆమె కుట్టింది. కాన్వాస్ పట్టీ రెండు పొరలు, మధ్యలో పాత దుప్పటి ముక్క, చివర వెల్‌క్రో. మడమ వెనకనుంచి తెచ్చి పెడల్ కిందుగా తిప్పి అతికించేలా కొలత ఇచ్చాను. మొదటిది వదులైంది, రెండోది సరిగ్గా కూర్చుంది. ఫిజియో కుర్రాడు దాన్ని ఫోటో తీసుకుని, వేరే పేషెంటుకు కూడా కుట్టివ్వమన్నాడు. జబ్బు పడ్డాక నాకొచ్చిన మొదటి ఆర్డరు అది.

స్పర్శ తక్కువున్న పాదం కాబట్టి తొక్కిన ప్రతిసారీ అరికాలు, మడమ అద్దంలో చూసుకోమన్నాడు. రాపిడికి బొబ్బ లేచినా నాకు తెలియదు. బిగువు మర దగ్గర ఇనుము కూడా కాసేపటికి వేడెక్కుతుంది, కాలు అటు తగలనివ్వొద్దన్నాడు.

ఇవన్నీ సర్దుకోవడం తేలిక. ఎంత తొక్కాలి అన్నదాని దగ్గరే ఇంట్లో గొడవలు. మా ఆయన పక్కన కుర్చీ వేసుకుని డబ్బాలో అంకె చూస్తూ "ఇంకో యాభై, ఇంకో యాభై" అనేవారు. పాపం ఆయన ఆశ ఆయనది. కుర్రాడు ఒకరోజు అది విని మిషను ఆపించి, ఆయన్ని కూర్చోబెట్టి చెప్పాడు. "బాబాయ్, ఇది జిమ్ కాదు. నరం సరిగ్గా అందని కండరంతో ఎక్కువ పని చేయిస్తే బలం పెరగదు, ఉన్నదీ పోవచ్చు. అలసట వచ్చేదాకా కాదు, రాకముందే ఆపాలి. రేపు పొద్దున లేచేసరికి ఇవాళ్టికన్నా నీరసంగా ఉంటే ఇవాళ ఎక్కువైనట్టే లెక్క." బిగువు మర పూర్తిగా వదులు చేసి, దాన్ని నెలల తరబడి ముట్టుకోవద్దన్నాడు. రెండు నిమిషాలు తొక్కి, కాసేపు ఆగి, మళ్లీ రెండు నిమిషాలు. గుండె దడగా ఉన్నా కళ్లు తిరిగినా ఆ రోజుకు మానేయడమే. ఈ జబ్బులో బీపీని, గుండె వేగాన్ని చూసే నరాలు కూడా తడబడతాయి మరి.

కష్టపడి పనిచేయడమే గొప్ప అని పెరిగినవాళ్లం. సగంలో ఆపేయమంటే ఒంట్లోంచి సిగ్గు పుడుతుంది. పక్కింటావిడ వచ్చి "అప్పుడే అయిపోయిందా?" అంటే, పని ఎగ్గొట్టినదానిలా తల దించుకునేదాన్ని. ఆపడమే నా పని అని ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. మా ఆయనకు ఇంకా ఎక్కువ పట్టింది. ఒకరోజు డబ్బా మీద నేనే ఒక గుడ్డముక్క కప్పేశాను, అంకె కనిపించకుండా.

ఆ డబ్బాలో కేలరీలు కూడా చూపిస్తుంది. దాన్ని నమ్మకండి. నా కాళ్లు రెండూ చచ్చుబడి ఉన్నప్పుడు కుర్రాడు చేత్తో పెడల్ తిప్పినా దానికి కేలరీలే.

రెండు పెడళ్లూ ఒకే కడ్డీకి ఉంటాయి కాబట్టి బాగున్న కాలు బాగాలేని కాలిని మోసుకుపోతుంది. మొదట్లో అది వరం, కదలని కాలు కూడా కదులుతుంది, కీళ్లు బిగుసుకోవు. తర్వాత అదే మోసం. నా కుడికాలు ముందు తేరుకుంది, ఎడమది దాని మీద సవారీ చేస్తోంది. అందుకని కుడికాలు తీసి నేల మీద పెట్టించి, ఎడమ కాలితో ఒక్కదానితోనే తిప్పమనేవాడు. పెడల్ పైకెళ్లే చోట ఆగిపోయేది. తొడ బిగిసేది, మోకాలు వణికేది, పెడల్ మాత్రం అక్కడే. కొన్ని వారాల పాటు రోజూ అక్కడే. ఒక మధ్యాహ్నం కుక్కర్ విజిల్ వేస్తుంటే అటు చూస్తూ ఉన్నాను, పెడల్ ఆ మలుపు దాటి ముందుకి పడింది. "ఏవండీ" అని నేను అరిచిన అరుపుకు ఆయన స్టవ్ కట్టేసి, నేను పడిపోయాననుకుని పరిగెత్తుకొచ్చారు.

అంతమాత్రాన ఈ మిషను నడక నేర్పిందని చెప్పను. నేర్పదు కూడా. కూర్చుని తొక్కేటప్పుడు ఒంటి బరువు కుర్చీ మోస్తుంది. నిలబడటం, బ్యాలెన్సు, అడుగు తీసి అడుగు వేయడం అన్నీ వాకర్ పట్టుకుని వేరేగా నేర్చుకున్నాను, మెట్లు అన్నిటికన్నా ఆఖరున వచ్చాయి. ఈ మిషను చేసిందల్లా కీళ్ల మీద భారం పడకుండా కాళ్లకు పని చెప్పడం, పడిపోతానన్న భయం లేకుండా నా అంతట నేను చేసుకోగలిగే పని ఒకటి ఇవ్వడం. మందులు వేసేవాళ్లు, స్నానం చేయించేవాళ్లు, తిప్పి పడుకోబెట్టేవాళ్లు ఉన్న ఇంట్లో ఆ రెండో లాభం చిన్నది కాదు. దాన్నే బల్ల మీద పెట్టుకుని చేతులతో కూడా తిప్పాను. కత్తెర పట్టు అలా కొంత తిరిగొచ్చింది.

ఇప్పుడు కుడుతున్నాను. ఎడమ పాదంలో తిమ్మిరి కొంచెం మిగిలింది, సాయంత్రమయ్యేసరికి పెరుగుతుంది. పెళ్లి ఆర్డర్లు మునుపటి అంత తీసుకోను, మధ్యాహ్నం గంట పడుకుంటాను. ఆ గంట గురించి ఎవరేమన్నా పట్టించుకోను.

పెడల్ మిషను ఇప్పుడు అత్తయ్య చేతికి పోయింది. ఆవిడకు మోకాళ్ల అరుగుదల, నడిస్తే నొప్పి, ఇలా కూర్చుని తొక్కితే నొప్పి లేదు. డాక్టరు కూడా మంచిదే అన్నారు. సీరియల్ మొదలవగానే తొక్కడం మొదలుపెడుతుంది. మొన్న డబ్బాలో బ్యాటరీ అయిపోయింది. ఎన్ని తిప్పిందో కనిపించకపోతే తొక్కి ఏం లాభం అని మిషను మూల పెట్టేసింది. అంకెలు లేకపోయినా కాళ్లకు తెలుస్తుంది అత్తయ్యా అంటే, "నీ కాళ్లకు తెలుస్తుందేమో, నాకు కనపడాలి" అంది. రేపు బజారుకెళ్లినప్పుడు సన్న సెల్లు ఒకటి తేవాలి.